గ్రంథాలయం కబుర్లు: పార్శిలులో వచ్చిన మన మాటలు



పోయిన సంచికలో ఈ శీర్షిక కింద నేను రాసింది రెండే వాక్యాలు. కొత్త పుస్తకాలు లేవనీ, కార్యవర్గం ఇంకా డబ్బు మంజూరు చేయలేదనీ. దానికి నాకు రెండు ఉత్తరాలు, అయిదారు ఫోన్లు వచ్చాయి. ఉత్తరాలు రాసినవారు సానుభూతి చూపించారు. ఫోన్లు చేసినవారు మాత్రం, "సంఘం గుట్టు పత్రికలో పెడతారా?" అని కోప్పడ్డారు. ఏమైతేనేం, డబ్బు మంజూరైంది. విజయవాడ నుంచి లారీ సర్వీసు వాళ్ళు దింపిన అట్టపెట్టెను మన వాచ్‌మన్, నేను కలిసి మేడ మీదికి మోశాం. పదమూడు పుస్తకాలకు ఆర్డరు పెడితే పన్నెండు వచ్చాయి. పదమూడోదాని బదులు ఇంటి వాస్తు పుస్తకం ఒకటి పెట్టి పంపారు. ఉన్న గది నిలుస్తుందో లేదో తెలియని మనకు వాస్తు పుస్తకం ఎందుకని దాన్ని తిరుగు టపాలో పంపించాను.

గది నిలవడం మాట హాస్యానికి అన్నది కాదు. డబ్బు మంజూరు చేస్తూ కార్యవర్గం ఒక షరతు పెట్టింది. ఉగాది లోపల పుస్తకాలు బయటికి వెళ్ళడం కనబడకపోతే, వచ్చే ఏడు నవలల పద్దు రద్దు చేసి, గదిని పిల్లల కంప్యూటరు తరగతులకు ఇస్తారు. వాళ్ళది తప్పని నేను అనలేను. రిజిస్టరు నా దగ్గరే ఉంది. ఒక నెలలో నలుగురే పుస్తకాలు తీసుకుంటే, ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణి.

ఒకప్పుడు తెలుగు పుస్తకం ఈ ఊళ్ళోనే పుట్టేది. ఆంధ్రపత్రిక దినపత్రిక 1914లో ఇక్కడే మొదలైంది. ఆంధ్రప్రభ 1938లో, చందమామ 1947 జులైలో ఇక్కడ మొదలయ్యాయి. వావిళ్ళవారి పుస్తకాలు దేశమంతటికీ ఇక్కడి నుంచే వెళ్ళేవి. ఇప్పుడు మనం విజయవాడ నుంచి తెప్పించుకుంటున్నాం, పార్శిలు ఖర్చు పెట్టుకుని. సరే, పెట్టె విప్పుదాం.

అందరూ ముందుగా అడిగేది బహుమతి పుస్తకాలే కనుక వాటితో మొదలుపెడతాను. బండి నారాయణస్వామిగారి "శప్తభూమి" వచ్చింది. 2017లో తానా నవలల పోటీలో బహుమతి, 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన నవల ఇది. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం, హండే పాలకుల నాటి సంగతులు. చరిత్ర నవల అనగానే రాజులు, రాణులు, కత్తియుద్ధాలు అనుకుని తీసుకెళ్ళిన మిత్రుడొకరు వారం తిరక్కుండా తెచ్చి ఇచ్చేశారు, "ఇందులో రాజుకన్నా గొర్రెలవాడే ఎక్కువ కనిపిస్తున్నాడండీ" అంటూ. అవును, అందుకే చదవాలి. కరువుకు, కోటకు మధ్య నలిగిన కింది జనం కథ అది. బసివి ఆచారం లాంటివి వచ్చే చోట మనసు గట్టి చేసుకుని చదవాలి. రాత్రి భోజనం అయ్యాక చదివే పుస్తకం మాత్రం కాదు.

మధురాంతకం నరేంద్రగారి "మనోధర్మపరాగం" 2022లో అకాడమీ పురస్కారం పొందింది. వారి తండ్రి మధురాంతకం రాజారాంగారి కథలకూ 1993లో అదే పురస్కారం వచ్చింది. మధురాంతకం అనే ఊరు మన చెంగల్పట్టు జిల్లాలో ఉందని వేరే చెప్పనక్కరలేదు, ఏరి కాచిన రాముడి గుడికి మనలో చాలామంది వెళ్ళివచ్చినవారే. దేవదాసీ కుటుంబాల్లో పుట్టి కర్ణాటక సంగీతాన్ని నిలబెట్టిన స్త్రీల కథ ఈ నవల. డిసెంబరు నెలలో సభ సభకూ తిరిగే మన సభ్యురాళ్ళు తప్పకుండా చదవాలి. దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధించిన చట్టం ఈ మద్రాసు రాష్ట్రంలో 1947లో వచ్చింది. ఆ పాట మిగిలింది, పాడినవారి ఇళ్ళు ఏమయ్యాయో మనం అడగలేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు ఆ కుటుంబాల్లోనివారేనని ఈ తరం పిల్లలకు చెబితే ఆశ్చర్యంగా చూస్తారు.

తల్లావఝల పతంజలిశాస్త్రిగారి "రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు" 2023 పురస్కారం పొందిన పుస్తకం. కథలు నెమ్మదిగా నడుస్తాయి. రెండోసారి చదివితే మొదటిసారి ఏం వదిలేశామో తెలుస్తుంది. ఇంతకన్నా చెబితే రుచి చెడుతుంది.

భైరప్పగారి "పర్వ" తెలుగు అనువాదం కొత్తది కాదు, మన పాత ప్రతే. కన్నడంలో 1979లో వచ్చిన నవల. 2025 సెప్టెంబరులో ఆయన కన్నుమూశాక అడిగేవారు ఎక్కువయ్యారు. అట్ట ఊడిపోతే మళ్ళీ కట్టించి పెట్టాం. మెల్లగా తిప్పండి.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ వచ్చింది ఆ తరువాతి వరుసలో.

ఈసారి నేను ఆర్డరు పెట్టినవాటిలో డాక్టర్ కేశవరెడ్డిగారి "అతడు అడవిని జయించాడు", "మునెమ్మ" ఉన్నాయి. నామినిగారి "పచ్చనాకు సాక్షిగా", ఖదీర్‌బాబుగారి "దర్గామిట్ట కతలు", సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డిగారి "కొండపొలం", స.వెం.రమేశ్‌గారి "ప్రళయకావేరి కథలు" ఉన్నాయి. అన్నీ చిత్తూరు, నెల్లూరు, కడప ప్రాంతాల మాట తొణికిసలాడే పుస్తకాలు. కావాలని అలా ఏరలేదు, మంచివి ఏవని అడిగి అడిగి రాసుకుంటే జాబితా అలా తేలింది. బీరువాలో సర్దిన పదో రోజున కార్యవర్గ సభ్యులొకరు, పెద్దవారు, నాకు గౌరవం ఉన్నవారు, ఒక పుస్తకం పట్టుకొచ్చి బల్ల మీద పెట్టారు. "ఇదేం తెలుగండీ? అసలే మన పిల్లలకు తెలుగు సరిగ్గా రాదు. ఇవి చదివితే ఉన్నదీ పాడవుతుంది" అన్నారు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే కొన్నేళ్ళ క్రితం నేను అన్నదీ అదే.

అప్పట్లో ఉగాదికి మనం పెద్దవాళ్ళకు కథలు చెప్పే పోటీ పెట్టాం. నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. తిరుత్తణి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దావిడ వేదిక ఎక్కి తన చిన్ననాటి సంగతి ఒకటి మొదలుపెట్టారు. మడక కట్టడం, ఎనుముల్ని తోలుకుపోవడం, చెనిక్కాయలు పెరకడం. బాగా చెబుతున్నారు. నేను మధ్యలో మైకు అందుకుని, "వేరుశనగ కాయలు అనాలమ్మా, పిల్లలు వింటున్నారు" అన్నాను. సభలో నవ్వులు. ఆవిడ "అట్నే సారూ" అని, కథ ముగించకుండా దిగిపోయారు. ఆ తరువాత మన వేదిక మీద ఆవిడ నోట తెలుగు మాట నేను వినలేదు. సంఘానికి రావడమూ తగ్గిపోయింది. నేను గమనించలేదు కూడా. గమనించలేదన్నది చెప్పుకోవలసిన మాట.

నేను గోదావరి వైపువాణ్ణి. వంశీగారి "మా పసలపూడి కథలు" మన గ్రంథాలయంలో మూడు ప్రతులున్నాయి, మూడూ నలిగిపోయాయి. స్వాతి వారపత్రికలో బాపుగారి బొమ్మలతో వచ్చినప్పుడు నేను వారం వారం కత్తిరించి దాచుకున్నవాణ్ణి. అందులో మా వైపు యాస కనబడితే ముద్దుగా ఉంటుందే గాని, పిల్లలు పాడవుతారన్న ఆలోచన నాకు ఏనాడూ రాలేదు. గోదావరి యాస అయితే ముద్దు, చిత్తూరు యాస అయితే మోటు అన్న లెక్క నాకు ఎవరు నేర్పారో తెలియదు. ఇక్కడ తరతరాలుగా ఉన్న తెలుగువారిలో ఎక్కువమంది మాట ఆ రెండో వైపుదే. మనం ఉద్యోగాలకనీ సినిమాలకనీ తరువాత వచ్చి, ముందున్నవారికి తెలుగు దిద్దుతూ కూర్చున్నాం.

ఇక అసలు సంగతికి వస్తాను. మూడు నెలల క్రితం ఒకమ్మాయి గ్రంథాలయానికి వచ్చింది. ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల. "అంకుల్, కి.రా. పుస్తకం తెలుగులో ఉందా? మా అవ్వకు కావాలి" అంది. కి.రా. ఎవరో నాకు చప్పున తట్టలేదు. తమిళ రచయిత కి.రాజనారాయణన్ అని ఆమే చెప్పింది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ ఆయన ఊరు. 2021 మే 17న పుదుచ్చేరిలో చనిపోయినప్పుడు తమిళ పత్రికలన్నీ పేజీలు పేజీలు రాశాయి. నల్లరేగడి నేలల సాహిత్యానికి పెద్దదిక్కు అంటారు ఆయన్ని. తమిళంలో రాసిన ఆ మనిషి ఇంటిభాష తెలుగు. 1976లో వచ్చిన ఆయన నవల "గోపల్ల గ్రామం" తెలుగునేల నుంచి పారిపోయి దక్షిణాదికి వచ్చి, అడవి కొట్టి ఊరు కట్టుకున్న కమ్మవారి కథ. పాలకుడి కన్ను తమ ఇంటి ఆడపిల్ల మీద పడితే, రాత్రికి రాత్రి బయలుదేరిన కుటుంబాలు. ఆ వచ్చిన కథను ఇంట్లో అందరికన్నా ముసలావిడ చెబుతుంటే పిల్లలు వింటారు. దాని తరువాతి నవల "గోపల్లపురత్తు మక్కళ్"కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, తమిళ నవలగా.

ఆ పిల్ల దాన్ని కాలేజీలో తమిళంలో చదివింది. "మనం ఇక్కడికి ఎట్లా వచ్చామో ఇందులో ఉంది అంకుల్. మా ఇంట్లో చెప్పే మాటలు కూడా ఉన్నాయి" అంది. తెలుగు సంఘం గ్రంథాలయంలో కూర్చుని నిన్న మొన్నటి నవలలకు అట్టలు వేసుకునే నాకు, మన రాకడ గురించి రాసిన నవల ఒక తమిళ విద్యార్థిని చెబితేగాని తెలియలేదు. తమిళ విద్యార్థిని అన్నానా? చూశారా, నా అలవాటు పోలేదు. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదవడం రాదు, అంతే. తమిళనాడులో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చాక బడిలో తెలుగు తీసుకునే పిల్లలు ఇంకా తగ్గారు. తెలుగు చెవికి ఉంది, కంటికి లేదు. మన ఇళ్ళల్లో ఇలాంటి పిల్లలే ఎక్కువమంది.

ఆ నవలకు తెలుగు అనువాదం ఉందని తెలుసుకుని తెప్పించాను. పుస్తకం వచ్చిందని ఫోను చేస్తే, మరునాడు ఆ పిల్ల తన అవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. ఆ చెనిక్కాయల అవ్వే.

నేను లేచి కుర్చీ వేశాను. ఏమనాలో తోచలేదు. ఆవిడే, "బాగుండారా సారూ? జుట్టు నెరిసిపొయ్యిందే!" అన్నారు. క్షమించండమ్మా అన్నాను. దేనికని అడగలేదు. మరిచిపోయారని నేననుకోను.

ఆవిడ చదువు సంగతి అప్పుడే తెలిసింది. తిరుత్తణి తాలూకా అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆంధ్రకూ మద్రాసుకూ మధ్య సరిహద్దుల మార్పు జరిగి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు అటు వెళ్ళింది. ఆవిడకు అప్పుడు పదేళ్ళు. నాలుగో తరగతి దాకా తెలుగు చదువుకున్నారు. రాష్ట్రం మారాక వాళ్ళ నాయన తమిళ బడిలో చేర్పించారు. "నేను యాడికీ పోలేదు సారూ, ఆ ఇంట్లోనే ఉంటిమి. ఊరే ఈ పక్కకొచ్చింది" అన్నారు. కూడబలుక్కుని తెలుగు చదవగలరు. ఇప్పుడు కళ్ళకు శుక్లాల ఆపరేషను అయింది, చిన్న అక్షరాలు కనబడవు. మనవరాలికి కళ్ళున్నాయి, అక్షరాలు రావు. పుస్తకం ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది.

చదివి వినిపించమంటారా అని నేను అడిగింది మొహమాటానికే. ఆవిడ వెంటనే సరేనని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

అలా మొదలైంది మన ఆదివారం చదువు. మొదటి వారం ఆ ఇద్దరే. రెండో వారానికి ఆవిడ వీధిలోవాళ్ళు ముగ్గురు వచ్చారు. ఇప్పుడు పన్నెండు, పదిహేనుమంది దాకా వస్తున్నారు. కుర్చీలు చాలక కిందటిసారి చాపలు పరిచాం. వచ్చేవారిలో సగానికి పైగా ఇంతవరకు మన రిజిస్టరులో సంతకం చేయనివారు. పుస్తకం చదవరు కాబట్టి గ్రంథాలయం తమది కాదనుకున్నవారు.

కి.రా. నవల అయ్యాక "ప్రళయకావేరి కథలు" తీశాను. ప్రళయకావేరి అంటే మన పులికాట్ సరస్సే. తమిళంలో పళవేర్కాడు అంటారు. చిలికా తరువాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి కయ్య ఇదే. ఊరు మనకు అరవై కిలోమీటర్ల దూరమే. డచ్చివారి సమాధులు చూడటానికి మన సంఘం బస్సు వేసుకుని వెళ్ళింది కూడా. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో, కొంత తమిళనాడులో ఉంది. ఆ నీళ్ళ మధ్య దీవుల్లో ఉన్న పల్లెలు, అక్కడి అవ్వాతాతలు, వాళ్ళ తిండీ ఆటా మాటా ఈ కథల్లో ఉన్నాయి. మనం చలికాలంలో అక్కడికి వెళ్ళి రాజహంసల్ని చూసి వస్తాం. మనుషుల్ని ఈ పుస్తకంలో చూడాలి.

నేను బిగ్గరగా చదువుతూ ఒక చోట ఆగాను. "దొరువు" అని ఉంది. చెరువు అనబోయి అచ్చుతప్పు పడి ఉంటుందని చెప్పి, "చెరువు" అని దిద్దుకుని ముందుకు పోబోయాను. చాప మీద నుంచి అవ్వ చెయ్యెత్తారు.

"తప్పు కాదు సారూ. దొరువే. ఇసక నేలలో గుంట తీస్తే నీళ్ళు ఊరతాయి చూడు, దాన్ని దొరువంటారు. మా అమ్మ పుట్టిల్లు గుమ్మిడిపూండి పక్కన. సెలవలకు పోతే దొరువు నీళ్ళే తాగేది."

ఆ తరువాత అరగంట పుస్తకం నా ఒళ్ళోనే మూసి ఉంది. దొరువు నుంచి సముద్రపు ఒడ్డు, ఒడ్డు నుంచి పడవలు, పడవల నుంచి వాళ్ళ మేనమామ పెళ్ళి. ఎవరూ నవ్వలేదు, నవ్వవలసిన చోట తప్ప. ఇంటికి వెళ్ళి నిఘంటువు తీసి చూశాను. దొరువు ఉంది, ఆవిడ చెప్పిన అర్థంతోనే.

వెళ్ళేటప్పుడు ఆవిడ పుస్తకాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "మా మాటలు బుక్కులో ఏస్తారని నాకు తెలీదు సారూ" అన్నారు. మనవరాలు తమిళంలో ఏదో అంటే, "తెలుగులో చెప్పవే" అని కసిరారు.

మిగతా పుస్తకాల సంగతి క్లుప్తంగా చెబుతాను. "అతడు అడవిని జయించాడు" చిన్న నవల. పందుల్ని కాసే ఒక ముసలివాడు, ఒక రాత్రి, అడవి. రెండు గంటల్లో చదవవచ్చు, తరువాత వారం రోజులు వెంటాడుతుంది. కేశవరెడ్డిగారు చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ ఈ నవలలు రాశారు. 2015లో పోయారు. "మునెమ్మ" గురించి ఒక హెచ్చరిక: పెళ్ళికాని పిల్లలకు ఇవ్వవచ్చా అని నన్ను అడగవద్దు. భర్తను చంపినవారిని వెతుక్కుంటూ ఎద్దును వెంటబెట్టుకుని బయలుదేరిన స్త్రీ కథ. దాన్ని చదివి గట్టిగా వాదించుకున్న దంపతులు మన సభ్యుల్లోనే ఉన్నారు.

"కొండపొలం" 2019లో తానా బహుమతి పొందిన నవల. 2021లో సినిమాగా వచ్చింది. సినిమా చూశాం కదా అని వదిలేయకండి. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రవాడు, కరువు కాలంలో గొర్రెలకు మేత కోసం తండ్రితో నల్లమల ఎక్కుతాడు. ఉద్యోగం కోసం తిరుగుతున్న కుర్రాళ్ళు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. వాళ్ళకు ఇచ్చి చూడండి. నామినిగారి పుస్తకం ఇప్పటికి నాలుగు చేతులు మారింది. మొదట అభ్యంతరం చెప్పిన పెద్దలే ఐదోవారిగా పేరు రాయించుకున్నారు. "ఏం తప్పులున్నాయో చూడటానికి" అన్నారు. చూడనివ్వండి.

ఒక్క విషయం ఇంకా తేలలేదు. ఆ అమ్మాయి, ఆమె స్నేహితులు ఇద్దరు, కి.రా. నవల తమిళ మూలాన్ని కూడా మన బీరువాలో పెట్టమంటున్నారు. తెలుగు ప్రతి పక్కనే పెడితే, అవ్వ చదివే వాక్యం తమకు ఎక్కడుందో చూసుకుంటామంటున్నారు. తెలుగు పుస్తకాలు మాత్రమే కొనాలని మన గ్రంథాలయం నియమం. ఆ నియమం రాసినవారిలో నేనూ ఉన్నాను. మొదట వద్దనే చెప్పాను. ఒకటి పెడితే రేపు బీరువా నిండా తమిళ నవలలే అవుతాయని నా భయం, ఈ ఊళ్ళో అవి దొరకని చోటు లేదు కదా. జనవరిలో నందనంలో పుస్తకాల పండగకు వెళ్ళినప్పుడు ఆ నవల ఒక దుకాణంలో కనిపించింది. నిలబడి మొదటి నాలుగు పేజీలు తిప్పాను. తమిళ అక్షరాల్లో అక్కడక్కడ తెలుగు పలుకులు తగిలాయి. నా సొంత డబ్బుతో కొన్నాను. ఇప్పుడది బీరువాలో లేదు, నా బల్ల సొరుగులో ఉంది. అడిగినవారికి సంతకం లేకుండా ఇస్తున్నాను. కార్యదర్శిగారు ఇది చదివి ఏమంటారో చూడాలి. సర్వసభ్య సమావేశంలో పెడతామంటే నాకు అభ్యంతరం లేదు, కాని ఆ రోజు అవ్వను కూడా పిలవాలి.

ఇక ఎప్పటి మనవులు. పుస్తకం పదిహేను రోజులకు మించి ఉంచుకోవద్దు. మడతలు పెట్టవద్దు, పసుపు చేతులతో తిప్పవద్దు. యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ" మళ్ళీ కావాలని అడుగుతున్నారు. పాత ప్రతి పేజీలు రాలిపోయాయి. ఎవరింట్లోనైనా అటక మీద మంచి ప్రతి ఉంటే ఇప్పించండి.

ఆదివారం చదువు నెలలో రెండో, నాలుగో ఆదివారాలు సాయంత్రం నాలుగు గంటలకు. రానున్న నెలలో ఏ పుస్తకమో ఇంకా నిర్ణయించలేదు. "దర్గామిట్ట కతలు" చదవమని అవ్వ అడిగారు. పిల్లల అల్లరి ఉందని మనవరాలు చెప్పిందట. చదవడానికి నేను సిద్ధమే, పుస్తకమే లేదు. రిజిస్టరులో ఎవరో తీసుకెళ్ళినట్టు ఉంది, సంతకం మాత్రం నాకు అర్థం కావడం లేదు. ఎవరి దగ్గర ఉందో దయచేసి తెచ్చి ఇవ్వండి. జరిమానా అడగను.